పహరాకి నచ్చని మనిషి

నా ‘కోట’ని పక్కన పెట్టి సింహాద్రి ‘పహరా’ని ఎంచుకున్నారని తెలిసిన రోజు నేను ల్యాబ్ క్యాంటీన్‌లో పెసరట్టు తింటున్నాను. అల్లం పచ్చడి అంత మండటం నేనెన్నడూ ఎరగను. డైరెక్టర్ రుక్మాంగదరావు గారు నా ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని చావు కబురు చల్లగా చెప్పారు.

“శంకరం, నీది మంచి డిజైనేనయ్యా. కానీ పైవాళ్ళకి అబ్బాయిది నచ్చింది.”

అబ్బాయి! ముప్ఫై దాటిన మనిషి అబ్బాయేమిటి? వాణ్ణి ఇంటర్వ్యూ చేసి ఉద్యోగంలోకి తీసుకున్నది ఈ భీమశంకరం. తాళం ఎలా వెయ్యాలో, దొంగ దాన్ని ఎలా తీస్తాడో వాడికి నేర్పింది ఈ భీమశంకరం. నా దగ్గర ఓనమాలు దిద్దుకుని నాకే ఎసరు పెట్టాడు.

మాది భీమిలి దారిలో ఒక చిన్న ప్రభుత్వ పరిశోధనశాల. అధికారుల చేతుల్లో ఉండే ఫోన్లని సైబర్ దొంగల బారి నుంచి కాపాడటం మా కొలువు. ఒకప్పుడు ఫోన్ అంటే మాట్లాడుకునే వస్తువు. ఇప్పుడు ఆనకట్ట గేట్లు, ఆసుపత్రి కరెంటు, తుఫాను సైరన్లు అన్నీ ఎవరో ఒక అధికారి బొటనవేలి కింద ఉన్నాయి. కిందటేడు ఒక తీరంలో ఒక అధికారి ఫోన్‌లోకి ఎవడో దొంగ దూరాడు. ఫోన్ ఆయన జేబులో ఉండగానే, ‘వాయుగుండం దారి మళ్ళింది, వేటకి వెళ్ళొచ్చు’ అని పడవలన్నిటికీ సందేశం పంపాడు. పడవలు వెళ్ళాయి. సింహాద్రి చిన్నాన్న కూడా వెళ్ళాడు. తిరిగొచ్చినవాళ్ళు తక్కువ. అప్పటి నుంచి మా మీద ఒత్తిడి మొదలైంది.

నా ‘కోట’ గోడ మీద గోడ కట్టిన పద్ధతి. రహస్య పదం, దాని వెనక అంకెలు, దాని వెనక వేలిముద్ర, ఆ వెనక కంటిపాప. సింహాద్రి ఏం చేశాడో తెలుసా? అంత పెద్ద మీటింగుకి వలతాడు పట్టుకొచ్చాడు. ఒక కొస డైరెక్టర్ గారి చేతికిచ్చి, ఆయన్ని కళ్ళు మూసుకోమని, రెండో కొస తలుపు అవతల ఒక్కొక్కళ్ళ చేత లాగించాడు.

“మా అయ్య పడవలో కళ్ళు మూసుకుని కూకుంటాడు సార్. అవతల తాడు లాగింది మా అన్నా, నేనా, పరాయోడా, సేతికే తెల్సిపోతాది. బయపడతా లాగినా తెల్సిపోతాది. ఆ సెయ్యేదో మన ఫోనుకి ఇద్దారి,” అన్నాడు.

ఇంగ్లీషులో ఉపన్యాసాలు దంచే మనిషి మీటింగులో మాత్రం ఊరి యాస తీస్తాడు. అందరూ పరవశించిపోయారు. నా గోడలన్నీ ఆ తాడుకే కూలిపోయాయి.

పహరా అంటే ఫోన్ వెనక అంటించే పల్చటి పొర. పట్టుకున్న చేతి నాడి, చెమట, పట్టు, వేలి తడబాటు అన్నిటినీ అది కొద్ది వారాల్లో నేర్చుకుంటుంది. ఆ తర్వాత వేరే చెయ్యి పడిందా, ఆఫీసు భాగం మొత్తాన్ని మింగేస్తుంది. గడియారం, మామూలు కాల్స్ మిగులుతాయంతే. బయటినుంచి ఎవడైనా లోపలికి దూరినా, ఆ చెయ్యి లేకుండా ఏ సందేశమూ కదలదు. యజమాని చెయ్యే అయినా సరే, ఎవడో మెడ మీద కత్తి పెట్టి నొక్కిస్తుంటే అప్పుడూ మింగేస్తుంది. ఫోన్ ఏదో దాచిందన్న అనుమానం ఆ కత్తివాడికి రాదు.

“మొదటి ఫోన్ ఎవరికిస్తున్నారు?” అని అడిగాను.

“జిల్లా విపత్తు అధికారికి. అంటే మీ ఆవిడకే,” అన్నారు డైరెక్టర్ గారు. “ఇక దాన్ని బద్దలు కొట్టే పని నీది. మన పద్ధతి తెలుసుగా. ఒకడు కడితే ఇంకొకడు కూల్చాలి. నువ్వు కూల్చలేకపోతేనే బయటికి పంపుతాం.”

రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే. మిగిలిన పెసరట్టు ఎంతో రుచిగా తిన్నాను.

నా భార్య నీలవేణి పేరు మా తీరంలో తెలియనివాళ్ళు లేరు. ఇల్లు కదలనని భీష్మించుకున్న ముసలమ్మలు కూడా ఆవిడ మైకులో “అమ్మా, రండమ్మా” అంటే మూటాముల్లె సర్దుకుని షెల్టర్‌కి వచ్చేస్తారట. ఇంట్లో నాతో మాత్రం ఊఁ, ఆఁ తప్ప మాట ఉండదు. జిల్లాకంతటికీ పంచిపెట్టగా మిగిలింది నాకు.

నేను అనుమానం మనిషిని కాను. శ్రద్ధ ఉన్న మనిషిని. ఫోన్ మోగితే “ఎవరూ?” అంటాను. నవ్వితే “ఏమిటట?” అంటాను. రావడం ఆలస్యమైతే ఆఫీసుకి ఫోన్ చేస్తాను. బయల్దేరారని చెబితే డ్రైవర్‌కి చేస్తాను. కట్టుకున్నవాడు కనుక్కోకపోతే ఊళ్ళోవాళ్ళు కనుక్కుంటారా?

ఆ కొత్త ఫోన్ వచ్చాక ఆవిడకి ఒక కొత్త అలవాటు పట్టుకుంది. ఆఫీసు నుంచి ఫోన్ రావడం, ఈవిడ మేడ మెట్లు ఎక్కడం.

“ఎక్కడికి?”

“మేడ మీదికండీ. అక్కడ సిగ్నల్ బావుంటుంది.”

“ఇన్నాళ్ళూ ఈ సోఫాలో కూర్చునే జిల్లాని ఏలావు. ఇప్పుడే పోయిందా సిగ్నల్?”

“కొత్త ఫోన్ కదండీ.”

“ఇంతకీ ఎవరు చేసింది?”

“కంట్రోల్ రూమ్.”

“కంట్రోల్ రూమ్‌లో ఎవరు?”

ఆవిడ మెట్టు మీద ఆగి ఒక్క నిట్టూర్పు విడిచింది. “పోనీ మీరూ రండి,” అంది.

ఊరుకుంటానా? వెళ్ళాను. నేను పిట్టగోడ దాకా వచ్చేసరికి ఆవిడ ఫోన్‌ని గోడ మీద బోర్లా పెట్టి, ఆరిన బట్టలు తీస్తోంది. పనైపోయిందట! మెట్లెక్కేటప్పుడు అంత కంగారు, నేను రాగానే అంత తీరిక. ఇదేం సిగ్నలో నాకు అర్థం కాలేదు.

ల్యాబులో పహరాని పడగొట్టడానికి నేను వెయ్యని ఎత్తు లేదు. మొదట బయటినుంచి దాడి చేశాను. నకిలీ సందేశాలు, నకిలీ టవరు, మా వృత్తిలో ఉన్న టక్కుటమార విద్యలన్నీ ప్రయోగించాను. కొండని పొట్టేలు ఢీకొన్నట్టే అయింది. చివరికి నీలవేణి చెయ్యే తయారు చేద్దామనుకున్నాను. ఆవిడ చెయ్యి నాకు కాక ఇంకెవరికి తెలుసు? కూరలు తరిగేటప్పుడు బొటనవేలు ఎలా వంచుతుందో చూశాను. నిద్రలో నాడి కొలిచాను. అవన్నీ ఒక వెచ్చటి రబ్బరు తొడుగులోకి ఎక్కించి, దాంతో ఫోన్ పట్టుకున్నాను. పహరా దాన్ని ఒక్క క్షణం కూడా నమ్మలేదు. ఆఫీసు భాగం మాయమై గడియారం మిగిలింది.

సింహాద్రి ఆ తొడుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సెయ్యి బెమ్మాండంగా కుదిరింది గురువుగారూ. మేడమే లేరు ఇందుల,” అన్నాడు.

వాడి ముఖాన ఆ తొడుగు విసిరికొడదామనిపించింది.

ఒకరోజు నీలవేణి ఫోన్ తనిఖీకని ల్యాబుకి వచ్చింది. వాడు వాళ్ళ ఊరినుంచి తాటిముంజలు తెచ్చాడు. నేను అద్దం ఇవతల నా బల్ల దగ్గర ఉన్నాను. అవతల ఆవిడ ముంజ నోట్లో పెట్టుకోగానే నీళ్ళు చిమ్మి గడ్డం మీద పడ్డాయి. వాడేదో అన్నాడు. ఆవిడ విరగబడి నవ్వింది. ఆ చేతిలోనే ఫోన్ ఉంది, తళతళలాడుతూ, ఆఫీసు భాగం మొత్తం తెరిచి. పెళ్ళయిన కొత్తలో విన్న నవ్వు అది. నేను ముంజలు తెస్తే “తర్వాత తింటాలెండి” అంటుంది. ఆ తర్వాత అవి ఫ్రిజ్‌లో గట్టిపడిపోతాయి.

నా ఉద్యోగంలో నా చోటు వాడిది, నా ఇంట్లో నా నవ్వు వాడిది.

ఆ ఆదివారం నాకు వరం దొరికింది. ఉప్మా తింటుండగా ఆవిడ ఫోన్ మోగింది. ఆవిడ లేవబోయేలోగా నేను వెనకనుంచి వంగి, “ఎవరూ?” అన్నాను. నా కళ్ళ ముందే తెర మీద ఆఫీసు భాగం మాయమైపోయింది. గడియారం మిగిలింది.

“ఇదేమిటి? చెయ్యి నీదేగా! ఎందుకు మూసుకుంది?”

“అప్పుడప్పుడూ అలా అవుతుందండీ. ఏం కాదు.”

ఏం కాకపోవడమేమిటి? ఆ రోజు నుంచి కాపు కాశాను. ఆవిడ ఆఫీసులో బానే ఉంటుంది. కారులో బానే ఉంటుంది. ఇంట్లో మాత్రం ఎప్పుడు చూసినా గడియారమే! జిల్లా సైరన్లన్నీ ఆవిడ వేలి కింద పెట్టి, ఇంటికొస్తే ఆ వేలు పనికిరాకుండా చేశాడు మహానుభావుడు. మా ఇంటి గోడల్లో ఇనుమో, ఇన్వర్టరో, ఏదో ఒకటి దాన్ని చెడగొడుతోందని తేల్చుకున్నాను. ఎగిరి గంతెయ్యడమొక్కటే తక్కువ.

“ఆ సంగతి ఆఫీసులో చెప్పకండి,” అంది నీలవేణి.

“ఎందుకు? వాడి పరువు పోతుందనా?”

“అతని పరువు కాదండీ.”

“మరెవరిది?”

ఆవిడ చారుగిన్నె మీద మూత పెట్టి లోపలికి వెళ్ళిపోయింది. ఎవడి పరువు కోసమో నా భార్య ఇంత బెంగ పెట్టుకోవడం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళి పహరా పని పట్టేశానని చెప్పాను.

“ఇంట్లోనే అవుతోందంటున్నావు కనక మీ ఇంటికే వస్తాం,” అన్నారాయన.

వచ్చారు. ఆయన, సింహాద్రి, సింహాద్రి పెట్టె. నీలవేణి సోఫాలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. అనుకున్నట్టే గడియారం. నేను విజయగర్వంతో ఇన్వర్టర్ ఆపాను. గడియారమే. ఫ్రిజ్ ఆపాను, ఇంటర్నెట్ పెట్టె పీకేశాను. గడియారమే. పడగ్గదిలో కూర్చోబెట్టాను, వంటింట్లో నిలబెట్టాను. ఎక్కడికి వెళ్ళినా నేను పక్కనే ఉండి చూపిస్తున్నాను. సింహాద్రి మాత్రం నీలవేణి ముఖం వైపు చూస్తున్నాడు.

“కాస్త కాఫీ తాగుదామా?” అన్నారు డైరెక్టర్ గారు.

పాలు లేవు. వీధి చివర కొట్టుకి నేనే వెళ్ళాను. పాల పాకెట్లతో తిరిగొచ్చి చెప్పులు విప్పుతుంటే లోపలినుంచి ఆయన కేక వేశారు.

“శంకరం! బాగైపోయిందయ్యా! అంతా తెరుచుకుంది!”

లోపలికి వెళ్ళి చూశాను. గడియారం.

“ఇప్పుడే ఉంది!” అన్నారాయన. ఒక్క నిమిషం ఆలోచించి, “నువ్వొకసారి బయటికి వెళ్ళి రా,” అన్నారు.

వెళ్ళాను. తెరుచుకుందట. వచ్చాను. మూసుకుంది. మళ్ళీ వెళ్ళాను. నా ఇంట్లోకి నేను రావడం, నన్ను పంపెయ్యడం, పక్కింటి వాళ్ళు కిటికీలోంచి చూడటం! ఈసారి వచ్చేసరికి నీలవేణికి ఒక పక్క డైరెక్టర్ గారు, ఒక పక్క సింహాద్రి నిలబడి ఉన్నారు. డ్రైవర్‌ని కూడా పిలిచి నిలబెట్టారు. ఫోన్ తళతళలాడుతూనే ఉంది. నేను గుమ్మంలో కాలు పెట్టాను. అది ఆరిపోయింది.

“పొరలో ఏదో తేడా సార్. మార్చీస్తాను. లోపమే,” అన్నాడు సింహాద్రి గబగబా.

“ఒప్పుకున్నాడు! లోపమని తనే ఒప్పుకున్నాడు, రాసుకోండి!” అని అరిచాను.

“శంకరం, కాస్త ఆగు,” అన్నారు డైరెక్టర్ గారు. ఆయన గొంతు మారిపోయింది. “యజమాని మెడ మీద కత్తి ఉంటే మూసుకోమని కదా మనం దీనికి నేర్పింది.”

అందరూ నా వైపు చూశారు. నా చేతిలో పాల పాకెట్లు తప్ప ఏమీ లేవు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను దొంగనే కాదే! నా ఇంట్లో, నా భార్య పక్కన నిలబడ్డాను. అది నేరమా? “వీడే నేర్పించాడు. నేనొస్తే మూసుకోమని వీడే దానికి నూరిపోశాడు. నా మీద కక్ష!” అన్నాను.

సింహాద్రి తల దించుకున్నాడు. “నాను ఎవులి పేరూ సెప్పలేదు గురువుగారూ. అది మేడమ్ సెయ్యొక్కటే సూస్తాది,” అన్నాడు.

“దీనికి మందు లేదా?” అని అడిగారు డైరెక్టర్ గారు.

“ఉంది సార్. పలానా మడిసి పక్కనుంటే పట్టించుకోవద్దని మినాయింపు ఇవ్వచ్చు. మేడమ్ ఒప్పుకుని ఏలిముద్ర ఎయ్యాల.”

“వద్దు,” అంది నీలవేణి. అంతసేపట్లో ఆవిడ మాట్లాడింది అప్పుడే. “ఇవాళ ఈయన్ని వదిలెయ్యమని చెబుతాం. రేపు నిజంగానే ఎవడో ఈయన్ని అడ్డం పెట్టుకుని నా చేత ఏదైనా పంపిస్తే? నా వేలి కింద ఊళ్ళున్నాయి సార్. హెచ్చరిక ఉన్న రోజుల్లో నేను కంట్రోల్ రూమ్‌లోనే ఉండిపోతాను.”

అంటే నన్ను వదిలేసి ఉంటానని, నలుగురి ముందు, నా ఇంట్లో. కాఫీ ఎవరూ తాగలేదు.

వాళ్ళు వెళ్ళాక నేను ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఫోన్ మధ్యలో బల్ల మీద ఉంది.

“నేనంటే భయమా నీకు? ఎప్పుడైనా చెయ్యెత్తానా?”

“లేదు.”

“పల్లెత్తు మాట అన్నానా?”

“లేదండీ. ఫోన్ మోగగానే నేను ముందు మీ మొహం చూస్తాను. ఆ తర్వాత ఫోన్ చూస్తాను. ఎప్పటి నుంచో అలవాటైపోయింది. మీకు తెలీనివ్వలేదు. దానికి తెలిసిపోయింది.”

“నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి వారంలోనే. మేడ మీద బానే ఉండేది, మీరొస్తే పోయేది.”

“మరి నాకు చెప్పలేదేం?”

“చెబితే ఎందుకని అడుగుతారు. చెప్పినదానికి మళ్ళీ ఎందుకంటారు. నాకు ఓపిక లేకపోయింది. మేడెక్కడమే నయమనిపించింది.”

నాకు సిగ్గు వెయ్యలేదు. కోపం వచ్చింది, ఆవిడ మీద కాదు, ఆ అద్దం ముక్క మీద. నాతో ఇన్నేళ్ళు కాపురం చేసి నాకు చెప్పని మాటని కొన్ని వారాల పరిచయానికే దానికి చెప్పేసింది. ఆ చేతిలో రోజంతా పడి ఉండి, ఆవిడ గుండె ఎప్పుడు తేలిగ్గా ఉందో, ఎప్పుడు బిగుసుకుందో అది తెలుసుకుంటోంది. ఆవిడ చెయ్యి పట్టుకుని నాకు ఎప్పుడైనా ఏమైనా తెలిసిందా అని ఆలోచించాను. వెచ్చగా ఉంటుందని తప్ప ఏమీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో మాటలు ఇంకా తగ్గాయి. పహరాని కనిపెట్టుకుని ఉండమని సింహాద్రికి కూడా కంట్రోల్ రూమ్‌లో వంతులవారీ డ్యూటీ వేశారు. వాయుగుండం పట్టిందంటే ఆవిడ సంచీ సర్దుకుని వెళ్ళిపోయేది. నేను డ్రైవర్‌కి ఫోన్ చేసేవాణ్ణి.

కార్తీక మాసంలో ఒక అల్పపీడనం పట్టింది. అది పైకి ఒడిశా వైపు పోతుందని, మనకి చినుకులు తప్ప ఏమీ ఉండవని వాతావరణం వాళ్ళు చెప్పారు. పడవలు వేటకి వెళ్ళాయి. నీలవేణి కూడా నిశ్చింతగా మధ్యాహ్నం ఇంటికి భోజనానికి వచ్చింది. భోజనం చేసి రమ్మని డ్రైవర్‌ని కారుతో సహా పంపేసింది. మేం పప్పన్నం కలుపుకునేసరికి గాలి లేచింది. చారు పోసుకునేసరికి మేడ మీద వాన దబదబా కురుస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది.

“ఎవరూ?” అన్నాను. నోరు ఊరుకోదు కదా.

ఆవిడ ఎంగిలి చేత్తో విని, నిలబడిపోయింది. “దారి మళ్ళిందట. సాయంత్రానికి మన మీదే పడుతుంది. ఉప్పెన వస్తుందంటున్నారు. పడవలన్నీ సముద్రంలో ఉన్నాయి.”

“ఎవరు చెప్పింది? సింహాద్రా?”

“సింహాద్రే! ఇవాళ వాడిదే డ్యూటీ!” అని అరిచింది. ఆవిడ నా మీద అరవడం నేను వినడం అదే మొదటిసారి.

కలెక్టర్ గారు మన్యంలో పర్యటనలో ఉన్నారు. ఆయన ఫోన్‌కి సిగ్నల్ లేదు. ఒడ్డున సైరన్లు, పడవల్లో రేడియోలు, షెల్టర్ల తలుపులు, జనం చేతుల్లో ఫోన్లు అన్నీ ఒక్కసారే మోగించగలిగింది ఆ ఒక్క వేలే. ఆవిడ చెయ్యి కడుక్కుని, తుడుచుకుని నొక్కింది. గడియారం. మళ్ళీ నొక్కింది. గడియారమే. మేడ మెట్ల వైపు పరిగెత్తి తలుపు తీసింది. గాలికి తలుపు వెనక్కి కొట్టుకుని ఆవిడ్ని లోపలికి తోసి పడేసింది. లేపుదామని నేను వెళ్ళాను.

“దగ్గరికి రాకండి!” అంది. నేల మీద కూర్చునే ఫోన్ చూసుకుంది. “ఏవండీ, మీకు దణ్ణం పెడతాను. బయటికి వెళ్ళండి.”

“ఇంత వానలోనా?”

“వెళ్ళండి!”

వరండాలోకి వచ్చి తలుపు వేశాను. లోపలినుంచి, “పోలేదు, ఇంకా గడియారమే ఉంది,” అని ఏడుపు గొంతు వినిపించింది. గేటు దాకా వెళ్ళాను. గొడుగు లేదు. వెనక్కి తిరిగితే కిటికీలోంచి ఆవిడ నన్ను చూస్తోంది. ముందు నన్ను చూసింది. తర్వాత ఫోన్ చూసింది.

అప్పుడు నాకు బుర్రకెక్కింది. దూరంతో పని లేదు. నేను గోడ చాటున ఉన్నా, వీధిలో ఉన్నా, కాసేపట్లో ఫోన్ చేసి ఎవరితో మాట్లాడావంటానని ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలిసినంతసేపూ దానికీ తెలుస్తుంది. నేను వెళ్ళినా వెళ్ళినట్టు కాదు.

మళ్ళీ వరండాలోకి పరిగెత్తాను. కిటికీ దగ్గర ఆవిడ భయపడి వెనక్కి జరిగింది. ఆ జరగడం చూశాను. జేబులోంచి నా ఫోన్ తీసి, కిటికీ ఊచల్లోంచి లోపలి గట్టు మీద పెట్టాను.

“నీలా, ఇదిగో. నా ఫోన్ నీ దగ్గరే ఉంటుంది. నేను నీకు చెయ్యలేను, డ్రైవర్‌కీ చెయ్యలేను. నువ్వు ఎవరితో మాట్లాడావో నాకు అక్కర్లేదు. నువ్వు రమ్మనేదాకా రాను,” అన్నాను.

అక్కర్లేదన్నది అబద్ధం. మిగతాదంతా నిజం. ఆవిడ నా ఫోన్ వైపు చూసింది. నేను ఆవిడ ముఖంలోకి ఇంకోసారి చూడకుండా మెట్లు దిగాను.

గేటు దాటాను. వీధి మలుపు దాటాను. గాలికి కొబ్బరిమట్టలు రోడ్డు మీద దొర్లుతున్నాయి. చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. వెనక్కి తిరిగి ఒక్కసారి చూడాలని ఎంత లాగిందో చెప్పలేను. ఇప్పుడు వాడితో మాట్లాడుతోందా? తలుపు వేసిందా? వాడేమంటున్నాడు? ఫోన్ కోసం చెయ్యి తనంతట తనే తడిసిన జేబులోకి పోతోంది. తెరుచుకుందో లేదో కూడా నాకు తెలియదు. ఉప్పెన వస్తుంది, పడవలు రావు, అదంతా నా మూలంగానే అనుకున్నాను. ఇంకా తొందరగా నడిచాను.

బీచ్ రోడ్డు మలుపులో ఒక టీకొట్టు ఉంది. పరదాపట్టా కింద నలుగురైదుగురు తల దాచుకున్నారు. నేను దాన్ని దాటబోతుండగా వాళ్ళ జేబుల్లో ఫోన్లన్నీ ఒక్కసారి మోగాయి. మామూలు మోత కాదు. చెవులు చిల్లులు పడేలా, ఆగకుండా. ఆ వెంటనే ఒడ్డున సైరన్ లేచింది. దాని వెనక ఇంకోటి, దూరంగా భీమిలి వైపు మరోటి. నేను రోడ్డు మధ్యలో నిలబడిపోయాను.

టీకొట్టు మనిషి ఫోన్ కంటికి దగ్గరగా పెట్టుకుని కూడబలుక్కుంటూ పైకి చదివాడు. “తుఫాను దారి మల్లింది. పడవలు ఎంటనే ఒడ్డుకి రావాల. ఒడ్డునున్నోలు షెల్టర్లకి ఎల్లాల, ఊళ్ళో ఉన్నోలు ఇల్లకి సేరాల. ఎవులూ బయట నిలబడొద్దు. ఇట్లు, నీలవేణి.” చదివి, “నీలవేణమ్మ సెప్పిందంటే నిజివే. మూసీండ్రా!” అన్నాడు. అందరూ లేచి పరుగులు తీశారు. ఒకడు సైకిలెక్కుతూ ఫోన్‌లో పెళ్ళాన్ని పిలిచి, వచ్చేస్తున్నానని చెబుతున్నాడు. వాణ్ణి చూస్తే నాకు ఎంత అసూయ వేసిందో!

కొట్టువాడు పట్టా విప్పుతూ నన్ను చూశాడు.

“మీకు రాలేదేటి బావూ మెసేజీ?”

“నా ఫోన్ ఇంట్లో ఉంది.”

“ఇల్లెక్కడ?”

నేను వచ్చిన దారి చూపించాను. పడవలు తిరిగొచ్చాయో లేదో ఆవిడ కనుక్కోవాలి. షెల్టర్లు నిండాయో లేదో చూడాలి. ఇంకో సందేశం పంపాలి, ఆ తర్వాత మరొకటి. నేను దానికి రెండోవైపుకి నడక మొదలుపెట్టాను.

“అదేటి బావూ! ఇల్లటుంటే ఇటెల్తన్నారేటి?” అని కేకేశాడు.

“మా ఆవిడ పనిలో ఉంది,” అన్నాను.